కేబుల్ తీసేస్తే నాన్నగారి వార్తల ఛానెల్ నిలుస్తుందా?

రాజోలు దగ్గరి పల్లెలో మీ అమ్మగారు, నాన్నగారు ఇద్దరే ఉంటున్నారని, 2024 ఎన్నికల ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే నాన్నగారు రోజూ చూసే వార్తల ఛానెల్ కేబుల్‌లో రావడం మానేసిందని, ఆపరేటర్‌ను అడిగితే "పైనుంచే రావడం లేదండీ" అన్న మాట తప్ప వేరే జవాబు దొరకలేదని, కొన్నాళ్లకు ఛానెల్ తిరిగి వచ్చినా ఆయనకు ఆ కేబుల్ మీద నమ్మకం పోయిందని మీరు రాశారు. నెలకు 350 రూపాయలు కట్టే ఆ కనెక్షన్ తీయించేసి, 43 అంగుళాల స్మార్ట్ టీవీ కొని, ఫైబర్ పెట్టిస్తే ఈ బెడద వదులుతుందా అని అడిగారు. టీవీ కొనండి, ఇంటర్నెట్ పెట్టించండి, కానీ కేబుల్ గానీ, దాని బదులు ఒక డిష్ గానీ ఇంట్లో ఉంచుకోండి అన్నది నా సమాధానం. ఈ సలహా ఎందుకో తెలియాలంటే ఛానెల్ ఎలా పోతుందో ముందు తెలియాలి. ఆ పని నా చేతుల మీదుగా కూడా ఒకసారి జరిగింది కాబట్టి దాచకుండా చెబుతాను.

నేను 1995 నుంచి ఇరవయ్యారేళ్లు అమలాపురం చుట్టుపక్కల పల్లెల్లో కేబుల్ నడిపాను. అప్పట్లో కంట్రోల్ రూమ్ అంటే మేడమీద రెండు పెద్ద డిష్‌లు, కింది గదిలో ఒక ఇనప రాక్, అందులో ఛానెల్‌కొక రిసీవరు, దాన్ని టీవీలో ఒక నంబరు మీదికి ఎక్కించే మాడ్యులేటరు ఒకటి. ఏ ఛానెల్ ఇవ్వాలో, ఏది ఏ నంబరులో రావాలో ఆ గదిలో కూర్చున్నవాడి ఇష్టం. ఒక ఎన్నికల వేసవిలో, రాత్రి తొమ్మిది దాటాక, నాకు బాగా తెలిసిన ఇద్దరు మనుషులు వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి మరీ లోపల కూర్చుని, టీ తాగి, లేవబోతూ "ఆ ఛానెల్ ఒక వారం రాకపోతే బాగుంటుందండీ" అన్నారు. బెదిరింపు ఏమీ లేదు. కరెంటు స్తంభాల మీదుగా నా వైర్లు వెళుతున్న సంగతిని మాత్రం మాటల మధ్య ఒక్కసారి తలచుకున్నారు. వాళ్లు వెళ్లాక నేను రాక్ వెనక్కి వెళ్లి, మూడో వరసలో ఒక కనెక్టరును రెండు చుట్లు తిప్పి ఊడదీశాను. గదిలో ఉన్న చిన్న టీవీలో ఆ నంబరు దగ్గర చీమలు పాకాయి. మర్నాడు పొద్దున్నే పాలకేంద్రం నుంచి వస్తున్న ఒక పెద్దాయన నన్ను చూసి సైకిలు ఆపి, ఒక కాలు నేలకు ఆనించి, "మా ఒక్కింటికే పోయిందా, ఊరందరికీ పోయిందా?" అని అడిగారు. "పైనుంచే రావడం లేదండీ" అన్నాను. అందుచేత మీ ఆపరేటర్ నోట ఆ మాట విన్నానని మీరు రాస్తే నాకు కాస్త సిగ్గు వేసింది.

అయితే ఒక తేడా ఉంది. నేను చెప్పింది అబద్ధం, ఆయన చెప్పింది దాదాపు నిజం. 2011లో కేబుల్ చట్టాన్ని సవరించి దేశమంతటా డిజిటల్ విధానం తెచ్చారు. నగరాల నుంచి మొదలైన ఆ మార్పు చివరి దశగా 2017 మార్చి నాటికి పల్లెలకు వచ్చింది. అప్పటి నుంచి సిగ్నల్ ఎక్కడో నగరంలో ఉన్న ఎంఎస్‌వో, అంటే ఊరూరి ఆపరేటర్లకు ఛానెళ్లు పంపే పెద్ద కేబుల్ సంస్థ, కేంద్రంలో తాళం వేసుకుని బయలుదేరుతుంది. ఆ తాళం తీసేది మీ ఇంట్లోని సెట్‌టాప్ బాక్స్. మధ్యలో ఉన్న మా బోటివాళ్లం ఆ సిగ్నల్‌ను మోసుకొచ్చే కూలీలం మాత్రమే. కేంద్రంలో ఒక మనిషి కంప్యూటర్ ముందు కూర్చుని ఒక గడిలో గుర్తు తీసేస్తే, రాజోలులోను, రావులపాలెంలోను, తునిలోను ఒకే క్షణంలో ఆ ఛానెల్ ఆగిపోతుంది. డబ్బు సంగతీ అంతే. ప్రత్యేక ఒప్పందం ఏదీ లేకపోతే నెట్‌వర్క్ రుసుములో, అంటే ఛానెళ్ల ధర కాక కనెక్షన్‌కు మీరు కట్టే సొమ్ములో, ఎంఎస్‌వోకు 55, స్థానిక ఆపరేటర్‌కు 45 పాళ్లు అన్నది టెలికాం, కేబుల్ ధరలను నియంత్రించే కేంద్ర సంస్థ ట్రాయ్ నమూనా ఒప్పందంలోని లెక్క. తెలుగు వార్తల ఛానెళ్లలో చాలావాటికి చందా లేదు, ఉన్నా నామమాత్రం. ఎక్కువ ఇళ్లకు చేరడం కోసం ఎదురు అవే ఎంఎస్‌వోకు క్యారేజ్ రుసుము కట్టుకుంటాయి. ఇళ్లవాళ్లు డబ్బిచ్చి కొనుక్కునే సరుకైతే దాన్ని ఆపడానికి వ్యాపారి వెనకాడతాడు. ఇక్కడ ఇంటివాడి డబ్బు దాని మీద లేదు కాబట్టి ఆపినా బిల్లు మారదు, అడిగేవాడూ తక్కువ.

ఇది ఏదో ఒక పార్టీ కనిపెట్టిన విద్య కాదు. 2019లో పాలన మారాక మన రాష్ట్రంలో కేబుల్ నుంచి కొన్ని ఛానెళ్లు కనిపించకుండా పోయాయి, వాటి యజమానులు ఢిల్లీలోని టెలికాం వివాదాల ట్రైబ్యునల్ దాకా వెళ్లవలసి వచ్చింది. 2024లో పాలన మళ్లీ మారాక అటువైపు ఛానెళ్లకు అదే గతి పట్టింది, ఆ జూన్‌లోనే వాటిని తిరిగి ప్రసారం చేయాలని ఢిల్లీ హైకోర్టు కేబుల్ సంస్థలను ఆదేశించింది. నేను ఇక్కడ ఏ ఛానెల్ పేరూ రాయడం లేదు, రాయకపోయినా చదివేవాళ్లు ఎవరి మనసులో ఉన్న పేరు వాళ్లు పెట్టుకుంటారు. నిబంధన ప్రకారం ఒక ఛానెల్‌తో సంబంధం తెంచుకోవాలంటే ఎంఎస్‌వో కారణం చూపుతూ మూడు వారాల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, చందాదారులకు తెర కింద పరుగెత్తే అక్షరాల్లో ముందుగా చెప్పాలి. మీ ఇంట్లో అలాంటి అక్షరాలు ఎవరైనా చూశారా అని నాన్నగారిని అడగండి. ఇంకోసారి ఇలా జరిగితే ఆపరేటర్‌తో వాదన పెట్టుకోకుండా నేరుగా ఎంఎస్‌వో కాల్ సెంటర్‌కు ఫోన్ చేయించి, ఫిర్యాదు నంబరు తీసుకుని, తేదీతో సహా కాగితం మీద రాసి పెట్టుకోమనండి. జవాబు రాకపోతే ఆ సంస్థలోనే ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి, ఆ తరవాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి ఆ నంబరే ఆధారం. ట్రాయ్‌కు రాసినా వాళ్లు ఒక్కొక్కరి ఫిర్యాదును స్వయంగా తేల్చరు, సంస్థకే పంపుతారు.

ఇక ఫైబర్ గురించి. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. "ఫైబర్ పెట్టించాం, ఇంక కేబుల్ లేదు" అంటారు. ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ పెట్టె వెనక నుంచి ఒక తీగ సెట్‌టాప్ బాక్స్‌లోకి వెళుతూ ఉంటుంది, ఛానెళ్లు నంబర్ల వారీగా వస్తూ ఉంటాయి. అది రాగి తీగ బదులు గాజు తీగలో వచ్చే కేబులే. దాని తాళంచెవి కూడా ఏదో ఒక కేంద్రంలోనే ఉంటుంది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ ఇస్తామంటూ కరెంటు స్తంభాల మీదుగా పల్లెల్లోకి వచ్చిన మాట మీకు గుర్తుండే ఉంటుంది. అది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. నేను దాన్ని తప్పుపట్టడం లేదు, మా వైపు లంక గ్రామాల పిల్లలు కరోనా కాలంలో పాఠాలు విన్నది అలాంటి తీగల పుణ్యమే. కానీ ఏ ప్రభుత్వం వచ్చినా టీవీ ఛానెళ్ల జాబితా దాని అందుబాటులోనే ఉంటుందన్న సంగతి తెలిసి పెట్టించుకోవాలి.

అదే తీగలో వచ్చే ఇంటర్నెట్ మీద యూట్యూబ్ తెరిచి ఆ వార్తల ఛానెల్ ప్రత్యక్ష ప్రసారం చూడటం మాత్రం వేరే సంగతి. తెలుగు వార్తల ఛానెళ్లు దాదాపు అన్నీ యూట్యూబ్‌లో ఉచితంగానే వస్తున్నాయి. ఆ ప్రసారం తాళం వేసుకుని నేరుగా మీ టీవీకి చేరుతుంది కాబట్టి, మధ్యలోని ఆపరేటర్‌కు మీరు యూట్యూబ్ చూస్తున్నారని తెలుస్తుందే కానీ అందులో ఏ ఛానెల్ చూస్తున్నారో తెలియదు, అదొక్కటే ఆపడమూ అతనివల్ల కాదు. ఐటీ చట్టం 69ఏ కింద ఒక ఛానెల్‌ను యూట్యూబ్‌లో నిలిపివేయించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉంది. కాబట్టి ఇక్కడా ఒక చెయ్యి ఉంది, కాకపోతే అది వేరే చెయ్యి.

మొత్తం ఇంటర్నెట్టే ఆగిపోతే ఏం జరుగుతుందో మీకు చెప్పనక్కర లేదు. 2022 మే 24న జిల్లా పేరు మార్పు విషయమై అమలాపురంలో గొడవలు జరిగి ఇళ్లు తగలబడిన తరవాత, కోనసీమలో సెల్‌ఫోన్ల ఇంటర్నెట్‌ను రోజుల తరబడి నిలిపేశారు. ఇంటి నుంచి పనిచేసుకుంటున్న కుర్రాళ్లు ల్యాప్‌టాప్ సంచులు తగిలించుకుని ఏరు దాటి సిగ్నల్ ఉన్న ఊళ్లకు పోవడం, కిళ్లీ కొట్లవాళ్లు ఫోన్‌పే రేకును గోడవైపు తిప్పి పెట్టేయడం నేను కళ్లారా చూశాను. నిరవధికంగా ఇంటర్నెట్ ఆపడం కుదరదని, ఆపే ఉత్తర్వును బయటపెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న చెప్పింది, ఒక్కో ఉత్తర్వు 15 రోజులు మించరాదని ఆ ఏడాదే నిబంధన కూడా వచ్చింది, కానీ ఆ రోజుల్లో మా వీధిలో ఆ తీర్పు సంగతి ఎవరికి కావాలి? మా ఊళ్లో ఏం జరుగుతోందో మాకు తెలిసింది పాత కేబుల్ టీవీలోనే. ఇంటర్నెట్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని నేను అనడానికి మొదటి కారణం అదే.

రెండో కారణం కొబ్బరి చెట్టు. మీ ఇంటికి వచ్చే ఫైబర్ తీగ స్తంభం నుంచి తోట మీదుగా వస్తుందనుకుంటాను, రాజోలు వైపు రాకుండా ఎలా ఉంటుంది? దింపు రోజున గెల జారి తీగ మీద పడిందా, మోడెంలో ఎర్ర దీపం వెలుగుతుంది. అది వెలిగితే పెట్టెను ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేసినా ప్రయోజనం లేదు, ఎక్కడో తీగ తెగింది లేదా వంగింది, మనిషి వచ్చి గాజును గాజుకు అతకవలసిందే. ఉడుతలు కొరికిన తీగలైతే తెగిన చోటు వెతకడానికే సగం రోజు పడుతుంది. పాత రాగి తీగ అయితే మట్ట పడి సాగినా బొమ్మ కాస్త మసకబారి, కిందా మీదా పడుతూ వచ్చేది, ఫైబర్‌కు ఆ మొహమాటం లేదు, వస్తే వస్తుంది, లేకపోతే లేదు. తీగను తోట అంచునుంచి, గట్టు వెంట తిప్పి తెమ్మని అడగండి, ఇరవై ముప్ఫై మీటర్లు ఎక్కువైనా డబ్బిచ్చి వేయించుకోండి. ఈ ఒక్క పని మీకు చాలా ఫోన్లు తప్పిస్తుంది.

ఇక డిష్. డిష్ ద్వారా నేరుగా ఇంటికే ఛానెళ్లు ఇచ్చే డీటీహెచ్ సంస్థలకు లైసెన్సు ఇచ్చేది కేంద్రం, అవి దేశమంతటికీ ఉపగ్రహం నుంచే పంపుతాయి, వాటి తీగలు మన స్తంభాల మీద లేవు. రాత్రి తొమ్మిదికి వచ్చి టీ తాగి వెళ్లేవాళ్లకు అక్కడ కూర్చోవడానికి గుమ్మం లేదు. అందువల్ల నాన్నగారి ఛానెల్ ఒక్కటే మీ బాధ అయితే, కేబుల్ కంటే డీటీహెచ్ నయం. దాని లోపం వాన. డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ తరంగాలను జోరువాన మింగేస్తుంది, కేబుల్ కేంద్రాల్లో ఉండే పెద్ద డిష్‌లు వాడే సీ బ్యాండ్‌కు ఆ బాధ తక్కువ. మన దగ్గర తుపాను వార్త కావలసింది సరిగ్గా జోరువాన పడుతున్నప్పుడే కదా. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు మా వైర్లన్నీ చెట్లతోపాటు నేలపాలై నెలల తరబడి తిరిగి కట్టుకున్నాం, 2025 అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటిన రాత్రి మాత్రం నరసాపురం, అంతర్వేది వైపు ఏం జరుగుతోందో మా ఇంట్లో కరెంటు పోయేదాకా కేబుల్‌లో చూస్తూనే ఉన్నాం. కరెంటు పోయాక అన్నీ ఒకటే. బ్యాటరీ రేడియో ఒకటి ఉంచుకోమని వేరే చెప్పాలా?

చెట్లు అడ్డం వస్తాయని డిష్ వద్దనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. ఆ భయం అక్కర్లేదు. మనం 82 డిగ్రీల రేఖాంశం దగ్గర ఉన్నాం. డీటీహెచ్‌కు వాడే ఉపగ్రహాల్లో 83 డిగ్రీల దగ్గరున్నవి మనకు దాదాపు నిట్టనిలువుగా, అంటే దిక్చక్రం నుంచి 70 డిగ్రీల ఎత్తున, సూటిగా దక్షిణాన ఉంటాయి. ఇంటికి దక్షిణాన అయిదారు మీటర్ల లోపల 15 మీటర్ల చెట్టు ఉంటే తప్ప అడ్డు రాదు, డాబా మీద పెడితే ఆ మాత్రం కూడా రాదు. నెలసరి చందా లేని డీడీ ఫ్రీ డిష్‌కు 93.5 డిగ్రీల ఉపగ్రహం, అది కాస్త ఆగ్నేయానికి ఉంటుంది. ఫ్రీ డిష్‌లో తెలుగు సరుకు తక్కువ, సప్తగిరి, యాదగిరి వస్తాయి. అత్యవసరానికి పనికొస్తుంది కానీ మీ అమ్మగారి సీరియళ్లకు పనికిరాదు.

మీ 350 రూపాయల బిల్లు నాకు ఎక్కువగా కనిపిస్తోంది. నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపి 153 రూపాయల 40 పైసలు అన్నది 2019 నుంచి అలవాటైన లెక్క. 2024 జులైలో ట్రాయ్ ఆ గరిష్ఠ పరిమితిని తీసేసింది కాబట్టి ఇప్పుడు సంస్థ ఇష్టం, అయినా చాలాచోట్ల ఇంచుమించు అంతే ఉంది. బొకేలో, అంటే ఛానెళ్లను కలిపి అమ్మే కట్టలో, కలపదలచిన ఛానెల్ విడి ధర 19 రూపాయలు మించరాదన్న నియమం ఉంది. అమ్మగారు చూసే నాలుగు వినోద ఛానెళ్లను ఒక్కొక్కటి 19 రూపాయల చొప్పున విడివిడిగా తీసుకున్నా, పన్నుతో కలిపి 90 రూపాయల లోపే, నెట్‌వర్క్ రుసుముతో మొత్తం 243. మిగిలిన 107 రూపాయలు ఎవరూ చూడని ఆటల ఛానెళ్లకు, కార్టూన్లకు, ఇంగ్లీషు సినిమాలకు పోతున్నాయి. ఆపరేటర్‌ను విడి ధరల జాబితా అడగండి. "అలా ఇవ్వమండీ" అంటారు, ఇవ్వాలి.

టీవీ గురించి ఎక్కువ చెప్పను. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి 43 అంగుళాలు కొనడం తప్పు కాదు. కేబుల్ బొమ్మ అంత పెద్ద తెరమీద కాస్త పలచగా కనిపిస్తుంది, అది టీవీ లోపం కాదు. ర్యామ్ 2 జీబీ కంటే తక్కువ ఉన్నది తీసుకోకండి, రెండేళ్లకే యూట్యూబ్ తెరవడానికి మూలుగుతుంది. సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి, గోడకు పూర్తిగా ఆనించకుండా వెనక గాలి ఆడేలా బిగించమనండి. ఉరుములు మొదలైతే ప్లగ్గుతోపాటు కేబుల్ తీగను కూడా ఊడదీయాలి, పిడుగు దెబ్బ రాగి తీగలోంచి కూడా వస్తుంది. గాజు తీగలోంచి రాదు కానీ మోడెం అడాప్టరులోంచి వస్తుంది. ఇంటర్నెట్ 30 ఎంబీపీఎస్ చాలు, ఇద్దరికి అంతకంటే ఏం చేస్తారు? ఓటీటీ చందాలు మీ పేరున ఇప్పటికే ఉన్నవాటితో మొదలుపెట్టండి. అమ్మగారి సీరియళ్లు ఏ ఛానెల్‌వో చూసి ఆ సంస్థ యాప్ ఒక్కటి చేర్చండి. డబ్బు కట్టాక ప్రకటనలు రావనుకోకండి, ప్రైమ్ వీడియో కూడా 2025 జూన్ నుంచి మన దేశంలో వేస్తోంది.

యూట్యూబ్‌లో వార్తలు చూడటంలో నాన్నగారికి ఒక చిక్కు వస్తుంది. కేబుల్‌లో ఒక ఛానెల్ నచ్చకపోతే పై మీట నొక్కితే ఎదుటిపక్షంవాడిది వస్తుంది, తిట్టుకుంటూనైనా రెండు నిమిషాలు చూస్తారు. యూట్యూబ్ అలా కాదు, నిన్న చూసినలాంటిదే ఇవాళ పేర్చి పెడుతుంది, అసలు ఛానెల్ గుర్తును పోలిన గుర్తుతో ఎవరో గదిలో కూర్చుని చదివిన వార్తలు కూడా ఆ వరసలోనే వస్తాయి. అందుకని అసలు ఛానెల్ పేజీలో మీరే సబ్‌స్క్రైబ్ నొక్కి, ఆయన వద్దన్నా ఎదుటివైపుది ఒకటి, సప్తగిరి ఒకటి కూడా నొక్కి పెట్టండి. తరవాతి వీడియో దానంతటదే మొదలయ్యే ఏర్పాటును ఆపేయండి.

ఇదంతా ఫోన్‌లో చెప్పి చేయించాలని చూడకండి. సంక్రాంతికి వచ్చినప్పుడు పెట్టించి, రెండు రోజులు ఆయన పక్కన కూర్చోండి. పాత రిమోట్ మీద ప్లాస్టిక్ తొడుగు లోపల అంకెలు అరిగిపోయి ఉంటాయి, అయినా ఏ ఛానెల్ ఏ నంబరో ఆయన వేళ్లకు తెలుసు. కొత్త రిమోట్ మీద అంకెలే ఉండవు. సెట్టింగుల్లో టీవీ వేయగానే ఏది రావాలో ఎంచుకునే వీలు చాలా టీవీల్లో ఉంటుంది, దాన్ని సెట్‌టాప్ బాక్స్ ఉన్న హెచ్‌డీఎంఐ మీద పెట్టండి, అప్పుడు పొద్దున్నే మీట నొక్కితే ఆయనకు అలవాటైన ఛానెలే వస్తుంది. అది రానినాడు యూట్యూబ్ మీట ఎక్కడుందో తెలియడానికి దానిమీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెట్టండి. మా ఇంట్లో అలాగే పెట్టాను.